పలక పట్టుకున్న చెయ్యి

జీపు ఆఫీసు గేటు దాటి రెండో మలుపు తిరిగేసరికి, ఒళ్ళోని ట్యాబ్‌లో కనిపిస్తున్న పొలం ఫోటోలో పలక పట్టుకుని ఉన్న చెయ్యి తన తండ్రిదని ఆమెకు తెలిసిపోయింది. పొరపాటు పడే వీల్లేదు. ఉంగరం వేలు సగం నుంచి లేదు. మిగిలిన మొండి పలక చట్రానికి ఆని, చిటికెన వేలికి ఆసరా ఇస్తున్నట్టు పక్కకి ఒరిగి ఉంది. ఆ మొండి వేలు పట్టుకునే ఆమె నడక నేర్చుకుంది. ఆమె తెరను పక్కకి జరిపింది. వేరే రైతు, వేరే సర్వే నంబరు, అదే చెయ్యి. ఇంకోటి జరిపింది. అదే చెయ్యి. ఒక్కోదానికీ అరచేతి చెమట తెర మీద మరకలా మిగులుతోంది, చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ జరిపింది. మొత్తం పద్దెనిమిది. పలక కూడా ఆఫీసు ఇచ్చింది కాదు. చట్రానికి ఆకుపచ్చ రంగు, ఒక మూల రంగు అందక కర్ర బయటపడి ఉంది. కిటికీ తలుపులకు వేయగా డబ్బా అడుగున మిగిలింది గీకి ఆ చట్రానికి పూసింది తనే. అది తన పాప పలక. వరదలో కొట్టుకుపోయిందని నాన్న చెప్పిన పలక.

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే ఎదురుబల్ల మీద కూర్చున్న సర్వేయరు కళ్ళలో పడాలి, లేదా ముందు సీట్లో కూర్చున్న తనిఖీ అధికారి మెడ చూడాలి. ఆయన ఇస్త్రీ చొక్కా కాలరు మీద ఒక్క ముడత లేదు. ఆఫీసులో ఆయనకు భూతద్దం అని పేరు. ఇంతకుముందు పనిచేసిన చోట, ఒక ఫోటోలో చెట్టు నీడ పొద్దుటి వేళ పడాల్సిన వైపు పడలేదని పట్టుకుని ముగ్గుర్ని ఇంటికి పంపాడట, ఒకణ్ణి జైలుకి పంపాడట. ఆ సంగతి డ్రైవరు పొద్దున్న నవ్వుతూ చెప్పాడు. అప్పుడు ఆమె కూడా నవ్వింది. ఊరి కట్ట అవతలి పద్దెనిమిది పొలాల ఫైలు ఆయన చేతిలో ఉంది. కట్ట తెగి దారి మూసుకుపోయింది కాబట్టి చుట్టూ తిరిగి గంట ప్రయాణం. గంట తరవాత ఆయన ఆ పొలాల్లో దిగుతాడు. ఫోటో తీస్తాడు, పక్కన పెట్టి చూస్తాడు. చూస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆ ఫోటోలు అక్కడ తీసినవి కావడానికి వీల్లేదు.

వీల్లేదు. వరద వచ్చిన పొద్దున కట్టకు గండి పడింది. ఊళ్ళో నిలిచిన నీళ్ళన్నీ ఆ గండిలోంచి అవతలి పల్లపు పొలాల మీదకి దూకాయి. గండి మీదుగా తొమ్మిది రోజులు పిట్ట కూడా దాటలేదు. పడవ వేద్దామని వచ్చినవాళ్ళు ఆ వడి చూసి వెనక్కి తిరిగిపోయారు. ఫోటోలు ఎక్కింది మాత్రం నాలుగో రోజున. నమోదుకు గడువు ఆరో రోజు సాయంత్రం. ఫోటో లేని పొలానికి పరిహారం లేదు. పొలం మూల రాయి దగ్గర పలక మీద సర్వే నంబరు రాసి నిలబెట్టాలి, వెనకాల పోయిన పంట కనిపించాలి, పలక పట్టుకున్నవాడి మొహం పడకూడదు. చైన్‌మన్‌లు ఆ మాట బాగా వింటారు. నలభై ఏళ్ళు కొలత గొలుసు పట్టుకుని తిరిగిన నాన్న ఏ ఫోటోలోనూ ఉండడు, ఆయన చెయ్యి మాత్రం ఉంటుంది. సెల్ టవర్ కూలిపోయింది కాబట్టి ఎక్కడ తీసిందీ చేత్తో రాస్తే చాలునని పైనుంచి ఉత్తర్వు. అంటే ఎక్కడ తీసినా ఎక్కడిదని రాసినా అడిగేవాడు లేడు, ఆమె తప్ప. ధ్రువీకరించాల్సింది ఆమె. ఆ రోజు నాలుగు వందల ఫోటోలు వచ్చాయి. ఆమె తడిసిన బట్టలతోనే ఆఫీసుకొచ్చి, కరెంటు పోయినప్పుడల్లా కొవ్వొత్తి వెలుగులో, సర్వే నంబరు సరిపోయిందా లేదా అని ఒక్కటే చూసి ఆకుపచ్చ బొత్తాం నొక్కుకుంటూ పోయింది. చేతులు చూడలేదు. చేతులెవరు చూస్తారు?

భూతద్దం చూస్తాడు. ఇదెవరి చెయ్యి అంటాడు. ఇంత తేలిగ్గా గుర్తుపట్టే చెయ్యి జిల్లా మొత్తంలో ఇంకోటి లేదు. నాన్న సర్వీసులో ఉండగా రోడ్డు అడ్డంగా కొలుస్తుంటే గొలుసు కొస లారీ చక్రానికి చిక్కింది, రెండో కొస నాన్న వేలికి చుట్టుకుని ఉంది. రక్తం కారుతున్న చెయ్యి పైకెత్తి పట్టుకుని, పరిగెత్తుకొచ్చిన సర్వేయరుతో ఆయన అన్న మొదటి మాట "కొలత రాసుకున్నారా సార్" అని. ఇంట్లో ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నారో. అమ్మ బతికున్నన్నాళ్ళూ చుట్టాలు రాగానే ఆయన్ని ఆడించేది, "మీ సార్ రాసుకున్నాడా, లేక మళ్ళీ లారీని పిలవమన్నాడా?" అని. ఆయన తల వంచుకుని నవ్వేవాడు. ఒక్క జానెడు తేడా వస్తే మూడు మైళ్ళు వెనక్కి నడిచి మళ్ళీ కొలిచిన మనిషి. రాళ్ళు జరపమని ఇచ్చిన కవరు ఇచ్చినవాడి గుమ్మంలోనే పెట్టి వచ్చిన మనిషి. ఆ మనిషి చెయ్యి పద్దెనిమిది దొంగ ఫోటోల్లో. ఎక్కడ తీశాడు? ఊరి ఈవల మునిగిన ఏదో ఒక్క పొలంలో నిలబడి, పలక తుడవడం, నంబరు రాయడం, తుడవడం, రాయడం. పద్దెనిమిదిసార్లు. ఆ పలక తుడిచిన గుడ్డ కూడా పాపదే అయి ఉంటుంది.

జీపు గుంటలో పడి లేచింది. డ్రైవరు రోడ్లేసినవాణ్ణి తిట్టాడు. వాడికి కూడా వరద సాయం ఇచ్చినట్టున్నారు, రోడ్డు కొట్టుకుపోయిందని, అన్నాడు. ఎవరూ నవ్వలేదు. దారికి రెండు వైపులా మొక్కజొన్న దంట్లు నేలకంటుకుని బూడిద రంగులో ఎండిపోయి ఉన్నాయి, కంచె తీగల మీద నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో చెబుతూ చెత్త వరసగా వేలాడుతోంది. ఆ చెత్త ఎత్తు చూడగానే ఆమెకు బడి మెట్లు కళ్ళ ముందుకొచ్చాయి. ఆ పొద్దున ఊళ్ళో మూడొందల మంది బడి పై అంతస్తులో ఉన్నారు. తను కిటికీలో కూర్చుంది, ఒళ్ళో పాప. భర్త లారీతో వేరే జిల్లాలో ఇరుక్కున్నాడు, ఫోను లేదు. నీళ్ళు ఒక్కో మెట్టూ మింగుతున్నాయి. ఎవరో సుద్దతో గోడ మీద గీత గీశారు, పావుగంటకొకసారి వెళ్ళి చూడటం, గీత కనపడకపోవడం, కొత్త గీత గీయడం. పాప మెట్లు లెక్కపెడుతోంది, ఇంకా ఆరు అమ్మా, ఇంకా ఐదు అమ్మా. నోరు మూసుకోవే అని తను అరిచింది. ఆ అరుపుకి గదిలో అందరూ తలలు దించుకున్నారు. నాన్న గోడకి ఆనుకుని నిలబడి ఆమె వంక చూశాడు. తరవాత చూస్తే అక్కడ లేడు. ఇంకా మూడు అమ్మా అన్నప్పుడు ఆగింది. ఆగి, ఎవరో అడుగున బిరడా తీసినట్టు దిగడం మొదలైంది. అందరూ చప్పట్లు కొట్టారు. కట్ట తెగిందట, నీళ్ళు అవతలికి పోతున్నాయట అని ఎవరో చెప్పారు, చప్పట్లు ఆగిపోయాయి. అవతల పొలాలున్నాయని, ఇళ్ళున్నాయని అందరికీ తెలుసు. నాన్న ఎప్పుడో వచ్చాడు, ఛాతీ దాకా బురద. ఇల్లు ఎలా ఉందో చూడ్డానికి వెళ్ళానన్నాడు. అంత నీళ్ళలో ఎందుకెళ్ళావని తను ఏడ్చింది.

ఏడవడం కూడా వృథా అనిపిస్తోంది ఇప్పుడు. అప్పుడు నీళ్ళలో పోలేదు, ఇప్పుడు జైలుకి పోతాడు, తనూ పోతుంది. ఆకుపచ్చ బొత్తాం కింద ఆమె లాగిన్ ఉంది. కూతురు ధ్రువీకరణ, తండ్రి చెయ్యి. కలిసి చేసిన పనే అంటారు. కాదని ఎలా చెప్పడం? పాప బళ్ళో పిల్లలు ఏమంటారు? ఉద్యోగం పోతే ఇల్లు గడవదన్నది తరవాతి మాట, ముందు పోలీసు స్టేషన్లో అరవై అయిదేళ్ళ మనిషిని బల్ల మీద కూర్చోనిస్తారా, నిలబెడతారా? ఆయనకు బీపీ ఉంది. మాత్ర పొద్దున్నే వేసుకోవాలి. మాత్ర వేసుకోనిస్తారా? ఇలాంటి చిన్న చిన్న ప్రశ్నలే ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తున్నాయి, పెద్ద ప్రశ్న దగ్గరికి మాత్రం మనసు వెళ్ళనంటోంది. ఎందుకు చేశాడు? ఎంతకి చేశాడు?

డబ్బు కోసమే అనుకోవాలి, అడిగాడు కదా. రోజూ అడిగాడు. నెల రోజులుగా ఆమె సాయంత్రం చెప్పులు విప్పీ విప్పకముందే ఒకటే ప్రశ్న, కట్ట అవతలి వాళ్ళకి డబ్బు పడిందా అని. తమకి అక్కడ గజం నేల లేదు. చుట్టం లేడు, స్నేహితుడు లేడు. ఇంట్లో నానిపోయిన మంచాల గురించి అడగని మనిషి, గోడ బీట గురించి మేస్త్రీని పిలవని మనిషి, పద్దెనిమిది మంది పరాయివాళ్ళ ఖాతాల గురించి అడిగాడు. వారం కిందట ఇంకోటి అడిగాడు. డబ్బు ఒకసారి రైతు ఖాతాలో పడ్డాక ఏదన్నా తప్పు బయటపడితే వెనక్కి లాక్కుంటారా అమ్మా, అని. ఆమె కూరగాయలు తరుగుతూ చెప్పింది. తప్పు రైతుది కాకపోతే రైతు జోలికి రారు నాన్నా, చేసినవాడి దగ్గర రాబడతారు అని. "అయితే సరే" అన్నాడు. ఆ రోజు వరద తరవాత మొదటిసారిగా మారు వడ్డించుకున్నాడు. అప్పుడు సంతోషించింది, తింటున్నాడని. ఇప్పుడు ఆ కంచం వేరేలా కనిపిస్తోంది. పొద్దున్న ఆఫీసుకి బయలుదేరుతుంటే మళ్ళీ అదే. పద్దెనిమిదీ పడ్డాయి నాన్నా, నిన్న సాయంత్రంతో అయిపోయింది అంది. ఖాతా నంబరు తప్పుపడ్డ ఆ ముసలామెకి కూడానా అన్నాడు. ఆమెకి కూడా అంది. ఆయన ఊపిరి వదిలాడు. వాటా అందబోతున్నవాడు వదిలే ఊపిరి అలాగే ఉంటుందా? ఛీ. కన్నతండ్రి గురించి ఇలా అనుకుంటున్నానా. కానీ చెయ్యి ఆయనదే కదా. చెయ్యి అబద్ధం చెప్పదు కదా.

తెర కింద మూల "పునఃపరిశీలనకు పంపు" అని ఎర్ర బొత్తాం ఉంది. నొక్కితే పద్దెనిమిదీ ఫైల్లోంచి బయటికి పోతాయి, ఈ రోజుకి తనిఖీ ఆగుతుంది. ఎందుకు నొక్కావంటే ఏం చెప్పాలి? అనుమానం వచ్చిందనాలి. ఎవరి మీద? ఆమె బొటనవేలు ఆ ఎరుపు మీద గాల్లో ఆగింది. అప్పుడు తల ఎత్తింది. సర్వేయరు ఆ వేలినే చూస్తున్నాడు. ఇతణ్ణి అందరూ "రేపు" అని పిలుస్తారు. ఏ కాగితం అడిగినా రేపిస్తాననే మనిషి. సొంత పెళ్ళికి కూడా రేపొస్తానన్నాడని డ్రైవరు ఎగతాళి చేస్తాడు. అలాంటివాడు గడువుకి రెండు రోజుల ముందే, ఒక్క పూటలో పద్దెనిమిది ఫోటోలు ఎక్కించాడు. అది చూసినప్పుడైనా తనకి వెలగాల్సింది. ఆమె ట్యాబ్ అతని వైపు కొంచెం తిప్పి, ఇంజను మోతలో ముందు సీటుకి వినపడనంత మెల్లగా అడిగింది.

"ఇవి నువ్వు తీసినవేనా?"

"రేపు చెప్తా మేడమ్," అన్నాడు. అలవాటుగా వచ్చేసిన మాట. అన్నాక అతని మొహం పాలిపోయింది. "ఫోన్ నాదే," అన్నాడు ఇంకా మెల్లగా. "ఇప్పుడేం అడక్కండి. ఆయనకి మాటిచ్చాను."

ఆయనకి. పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు. అయితే ఊహ కాదు, ఇద్దరూ కలిసే చేశారు. ఆమె ట్యాబ్ బోర్లా పెట్టి సంచిలోంచి ఫోను తీసింది. నాన్నా నువ్వు కొన్నాళ్ళు అత్తయ్య వాళ్ళింటికి వెళ్ళు, ఎవరికీ చెప్పకు, అని కొట్టింది. చదువుకుంది. ఇదే రేపు కోర్టులో చదువుతారు, కూతురే తప్పించిందని. చెరిపేసింది. నాన్నా మందులేసుకున్నావా అని కొట్టింది. అదీ చెరిపేసింది. నాలుగో రోజు, ఔను, నాలుగో రోజే, ఆయన పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి, కాళ్ళు వణుకుతున్నాయి. ఎవరింట్లోనో బురద ఎత్తడానికి వెళ్ళానన్నాడు. రెండు రోజులు జ్వరం. జ్వరంలో అంకెలు కలవరించాడు, పాత సర్వే నంబర్లని తను తడిగుడ్డ వేసి పడుకోబెట్టింది. అవి పాతవి కావన్నమాట. ఒక్కసారి ఆయన మొహం చేతుల్లోకి తీసుకుని అడగాలనిపించింది, ఏం నాన్నా, మనకేం తక్కువైంది? పాప బడి ఫీజా? గోడ బీటా? నేనేమన్నా అన్నానా? ఎప్పుడో విసుగులో ఏదో అనే ఉంటాను, ఇంట్లోకి ఒక్క రూపాయి రాదు ఖర్చు తప్ప అని. అన్నాను. అది వరదకి ముందు. అది పట్టుకున్నాడా?

ముందు సీట్లో భూతద్దం కదిలాడు. తల తిప్పకుండానే, అద్దంలో ఆమె కళ్ళలోకి చూస్తూ మాట్లాడాడు.

"కొలతకి మనిషి కావాలమ్మా. ఇక్కడి పాత చైన్‌మన్ ఒకాయన ఉన్నాట్ట, మీ నాన్నగారేనట కదా. రమ్మని కబురు చేయిద్దామనుకుంటే, ఆయనే ముందు ఫోన్ చేశాడు. వస్తానని."

ఆయనే చేశాడా? ఎందుకు? నోటికొచ్చింది చెప్పి తప్పించుకోగల మనిషి కాదు ఆయన, అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. ఈయన కనుక అడిగితే చెవులు చూసే పట్టేస్తాడు. జీపు ఆపమందామా, కళ్ళు తిరుగుతున్నాయందామా, నిజంగానే తిరుగుతున్నాయి. ఆమె కడ్డీ పట్టుకుంది. కడ్డీ చల్లగా ఉంది. మలుపు, ఇంకో మలుపు, కూలిన టవర్ ఇనుప ఎముకలు, కొత్త ఇసుక బస్తాలు వేసి పూడ్చిన గండి దూరంగా తెల్లటి కట్టు కట్టిన గాయంలా కనిపిస్తోంది. ఇంక మాట్లాడటానికి టైము లేదు. ఎర్ర బొత్తాం నొక్కడానికీ లేదు.

నాన్న బస్తాల పక్కన నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. పదవీ విరమణ నాడు మడిచి పెట్టెలో పెట్టిన ఖాకీ చొక్కా వేసుకున్నాడు, భుజాల దగ్గర వదులైంది. మొండి వేలికి ఒక గుడ్డ సంచి తగిలించుకున్నాడు. ఉబ్బుగా ఉంది. అందులో ఏముంది, వాటానా, తిరిగి ఇచ్చేద్దామని తెచ్చాడా, అధికారి చేతిలో పెడదామని తెచ్చాడా? ఎవరి ముందైనా సంచి విప్పుతాడేమోనన్న భయంతో ఆమె జీపు ఆగకముందే దూకింది. చీర కుచ్చిళ్ళు కడ్డీకి పట్టుకుని చిరిగాయి. దగ్గరికెళ్ళి నవ్వు మొహం పెట్టి, పెదాలు కదలకుండా, ఇంటికి వెళ్ళు నాన్నా అంది. ఆయన ఆమె చిరిగిన కుచ్చిళ్ళు చూశాడు. పిన్నీసు ఉందా అమ్మా అన్నాడు. అంతే అన్నాడు. సంచి మూతి కొంచెం తెరుచుకుని ఉంది. మడతపెట్టిన పంచె, తువ్వాలు, మందుల చీటీ, బీపీ మాత్రల అట్ట. ఊరికి వెళ్ళేవాడి సంచి. ఎక్కడికి? ఆమె అడిగేలోపు భూతద్దం దిగాడు, నాన్న చేతులు జోడించాడు, నలుగురూ పొలాల వైపు దిగడం మొదలుపెట్టారు.

అడుగు తీసి అడుగు వేస్తుంటే ఎండిన బురద పెంకుల్లా విరుగుతోంది. మొదటి పొలం మూల దగ్గర భూతద్దం ఆగాడు. ట్యాబ్ ఇమ్మన్నాడు. ఆమె ఇచ్చింది, చేతులు ఖాళీ అయ్యాక ఏం చేయాలో తెలియక కొంగు పట్టుకుంది. ఆయన ఫోటో పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. తరవాత ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దాకా పైకి లాక్కుని, ఆ బురదలో గొంతుక్కూర్చుని, మూల రాయి మీది మట్టి చేత్తో తుడిచాడు. రాయి మీద ఉలితో చెక్కిన గుర్తు, ఒక గీత, దాని మీద చుక్క, పక్కన పెచ్చు లేచిన చోటు. ఆయన ట్యాబ్ రాయి పక్కన పెట్టాడు. ఆమె వంగి చూసింది. ఫోటోలో, పలక కింద, ఆ చెయ్యి పక్కనే, నీళ్ళలోంచి బయటికి తేలిన రాయి కొస. కడిగిన రాయి. గీత, చుక్క, పెచ్చు. ఈ గంటసేపూ ఆమె చేతిని చూసిందే గాని చెయ్యి పక్కన రాయి చూడలేదు. రెండో పొలం. మూల రాయి, కడిగిన గుర్తు, అదే. మూడోది. నాలుగోది. భూతద్దం లేచి నడుము పట్టుకుని, నేను కూడా సర్వేలోనే పుట్టానమ్మా అన్నాడు, పలకలు మార్చొచ్చు, రాళ్ళు మార్చలేరు, ఇవి ఇక్కడ తీసినవే అన్నాడు.

ఇక్కడ తీసినవే. దొంగ ఫోటోలు కావు. వాటా లేదు, స్టేషన్ లేదు, బల్ల లేదు. ఆమె మొహం తిప్పుకుని కళ్ళు ఒత్తుకుంది, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. తండ్రిని గంటసేపు మనసులో దొంగని చేసిన సిగ్గు కూడా తేలిగ్గానే ఉంది. వెనక సర్వేయరు గబగబా చెప్పుకుపోతున్నాడు. నేను రాలేదు సార్, నాకు ఈత రాదు, నిజం ఒప్పుకుంటున్నాను, ఫోను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇచ్చాను, ఈయనే లారీ ట్యూబు మీద పడుకుని దాటాడు సార్, పలక వీపుకి కట్టుకుని, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా చెత్తా బురదా కింద పూడిన పద్దెనిమిది రాళ్ళూ నీళ్ళలో కాళ్ళతో వెతికి కడిగాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు, మేడమ్‌కి కూడా. భూతద్దం నాన్నని కిందినుంచి పై దాకా చూశాడు. ఆ మెడ మొదటిసారి మెత్తబడింది. ఈ వయసులో, ఆ నీళ్ళలో, మీకెవరూ కాని వాళ్ళ కోసమా, అన్నాడు. మీ గురించి ప్రత్యేకంగా రాస్తాను పెద్దాయనా, అన్నాడు. కలం తీశాడు. ఫైలు అక్కడే చేతి మీద తెరిచి రాయడం మొదలుపెట్టాడు, అంత ముచ్చటపడ్డాడు. ఆమె తండ్రి చెయ్యి పట్టుకుంది. మొండి వేలు ఆమె అరచేతిలో చల్లగా ఉంది. ఇంటికెళ్ళి ఈయన్ని బాగా తిట్టాలి, పాపకి కొత్త పలక కొనాలి.

"ఇంకొక్క గడి మిగిలింది," అన్నాడు భూతద్దం, రాస్తూనే. "నష్టానికి కారణం. నీటి ఒత్తిడికి కట్టకు గండి పడింది. అంతే కదా?"

చేతిలో చెయ్యి బిగుసుకుంది. తరవాత మెల్లగా విడిపించుకుంది. నాన్న సంచి కింద పెట్టాడు. కొలత చెప్పేముందు నిలబడినట్టు, మడమలు దగ్గరికి చేర్చి నిలబడ్డాడు. మూడు అమ్మా, ఇంకా మూడు, అని పాప గొంతు ఎక్కడినుంచో వినపడింది ఆమెకి. ఛాతీ దాకా బురద. ఎవరో అడుగున బిరడా తీసినట్టు. వద్దు నాన్నా, అనబోయింది. ఆయన అప్పటికే మొదలుపెట్టాడు.

"గండి పడలేదు సార్. నేను కొట్టాను. పారతో కొట్టాను. ఆ కట్ట నలభై ఏళ్ళు కొలిచాను, ఎక్కడ పల్చనో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. బళ్ళో మూడొందల మంది ఉన్నారని, వాళ్ళ కోసం కొట్టానని రేపు మా ఊరోళ్ళు చెప్తారేమో, మీరు రాసుకోవద్దు. నాకు మూడొందల మంది కనపళ్ళేదు. కిటికీలో ఇది కనపడింది, దీని ఒళ్ళో పాప కనపడింది, అంతే. ఇవతల మనుషులున్నారో, ఖాళీ చేసి మిట్ట మీదికి పోయారో అప్పుడు నాకు తెలీదు సార్. తెలీకుండానే కొట్టాను. అది రాసుకోండి. నాలుగో రోజు ఫోనూ పలకా పట్టుకెళ్ళాను గాని, నేను దాటింది ఫోటోల కోసం కాదు, ఎవరన్నా పోయారేమో చూద్దామని. ఎవరూ పోలేదు. ఆ ముసలామె నన్ను చూసి, దేవుడిలా వచ్చావయ్యా, నా పొలం కూడా రాసుకోమంది. అప్పుడు రాళ్ళు వెతికాను. మనిషి తెంపిందని తెలిస్తే సాయం ఆగిపోతుందని నెల రోజులు నోరు మూసుకున్నాను. నిన్నటితో అందరికీ పడిందని అమ్మాయి చెప్పింది, అందుకే మీకు ఫోన్ చేశాను. దీనికీ, ఈ సర్వేయరుకీ ఏమీ తెలీదు. వెడల్పు రెండు గజాలు, లోతు మోకాలి దాకా. అంతవరకే నేను తవ్వాను, మిగతాది నీళ్ళు తవ్వుకున్నాయి. కొలత రాసుకున్నారా సార్?"